కాళ్ళ మీద నీళ్ళు

నారాయణఖేడ్ పీర్ల చావడి గోడకు ఒక్క మేకు కొడితే జైలుకు పంపుతారు. ఆ గోడ దగ్గరే ఒక మనిషి చచ్చిపడితే మాత్రం అడిగే దిక్కు లేదు. నిజాం జమానాలో మా ఊళ్ళో జాగీర్దారు పేష్కారు చెలాయించిన కానూను ఇది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ చావడి చాలా పాతది. బీదర్ బాద్షాల నాటిదని పెద్దలు అనేవారు. వాకిలి కమాను మీద నీలిరంగు పలకలు, లోపల టేకు దూలాలు, చేయి పెడితే జారిపోయేంత నున్నటి గచ్చు గోడలు. పగలు కూడా లోపల చీకటిగానే ఉండేది. జాగీర్దారు తన గడీలో డైనమో ఇంజన్ పెట్టించుకున్న కొత్తలో, ఆ గొప్ప ఊరంతా చూడాలని అక్కడి నుంచి చావడికి కూడా తీగ లాగించాడు. గుడ్డ చుట్టిన తీగ. గచ్చు గోడలో మేకులు దిగ్గొట్టి దాన్ని బిగించారు. పీర్లను నిలబెట్టే గద్దె వెనక, దీపాలు వేలాడదీయడానికని గోడలో ఒక ఇనుప కడ్డీని అడ్డంగా నాటారు.

కొన్నేళ్ళకు సర్కారు వాళ్ళు వచ్చి చావడి ముందు బోర్డు పాతారు. ఇది పాత కట్టడం, దీన్ని కాపాడాలి, గోడకు మేకు కొట్టరాదు, ఉలి పెట్టరాదు అని దాని మీద రాసి ఉందట. చావడిని చూసుకునే ముజావర్ మక్బూల్ మామ మాకు చదివి చెప్పాడు. మంచి మాటే. ఆ గోడలంటే మాకూ ప్రాణమే. కానీ మేకులు దిగింది ముందు, బోర్డు వచ్చింది వెనక. దాంతో ఆ పాడు మేకులకూ కడ్డీకీ కూడా బోర్డు కాపలా దొరికింది.

ఏటా పీర్ల పండుగ ముందు చావడికి సున్నం వేసేది మా ఆడవాళ్ళమే. గోడ, మేకు, తీగ, అన్నిటి మీదా ఒకటే పూత. తీగను వదిలేస్తే నల్ల గీత కనబడుతుందని ముసలమ్మలు ఊరుకునేవారు కాదు. ఆ సున్నం తీగ మీది గుడ్డను ఏడాదికి కొంత చొప్పున తింటూ పోయింది. కరెంటు దగ్గర సున్నం పెట్టకూడదని మాకు చెప్పిన మగాడు ఒక్కడూ లేడు.

మా ఇంటివాళ్ళు కురుమలు. గొర్రెలు కాచుకుని బతికేవాళ్ళం. చావడిలో మొహర్రంకు నిలబెట్టే ఇత్తడి పీర్లలో కాసిం పీరును ఎత్తే హక్కు మా ఇంటిది. మా మామ పోయాక నా మొగుడు బీరప్పకు వచ్చింది. పండుగ పదో దినం పీరును ఎత్తేవాడు బావి దగ్గర తలస్నానం చేసి, తడి ధోతీతో, వట్టి కాళ్ళతో చావడికి రావాలి. గద్దె ముందు ఆడవాళ్ళు బిందెలతో అతని కాళ్ళ మీద నీళ్ళు పోయాలి. అప్పుడు గద్దె ఎక్కి పీరు మీద చేయి వేస్తాడు. చేయి వేయగానే పీరు ఒంటి మీదికి వస్తుంది. మనిషి ఊగిపోతాడు, ఉరుకుతాడు, పది మంది పట్టినా ఆగడు.

అందరికీ వచ్చేది. బీరప్పకు మాత్రం వచ్చేది కాదు. అతను పీరును ఎత్తుకుని మెల్లగా, జాగ్రత్తగా, చంటిపిల్లను మోసినట్టు మోసుకుపోయేవాడు. "బీరప్ప మోసేది పీరునా, కట్టెల మోపునా?" అని ఊరివాళ్ళు ఆటపట్టించేవారు. అతను నవ్వేవాడు. ఇంటికొచ్చి మాత్రం గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నాలో ఏం దోషముందని ఒకసారి నన్నే అడిగాడు. నీ అంత మంచోడు ఊళ్ళో లేడని చెప్పాను. ఆ జవాబు అతనికి చాలలేదు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు, అతనికీ వచ్చింది. గద్దె ఎక్కి, కడ్డీకి ఆనించి ఉన్న కాసిం పీరు మీద చేయి వేశాడో లేదో, ఒళ్ళంతా విల్లులా వంగింది. నోట మాట లేదు. ఎవరో విసిరేసినట్టు వెనక్కి వచ్చి జనం మీద పడ్డాడు. చావడి అంతా ఒక్కసారిగా హోరెత్తింది. ఊదు పొగ పెట్టారు, విభూతి పెట్టారు. తెప్పరిల్లాక అతని కళ్ళలో నీళ్ళు.

"చంద్రీ, కాసిం సాబ్ నన్ను గూడ గుర్తువట్టిండే," అన్నాడు.

ఆ ముఖం నేను చచ్చేదాకా మరవను. నేనూ ఏడ్చాను. అరచేతిలో చిన్న బొబ్బ ఉంటే అదీ పీరు గుర్తేనని కళ్ళకద్దుకున్నాను. ఆ ఏడాదంతా అతను మారిపోయాడు. తలెత్తుకుని నడిచేవాడు, గొర్రెలతో కూడా పాడుకుంటూ పోయేవాడు. అటు బోరంచ నుంచీ ఇటు కల్హేర్ నుంచీ మనుషులు వచ్చి అతని చేత్తో పిల్లల తల ముట్టించుకుని పోయేవారు.

పేష్కారు జగన్నాథ్ రావుకు ఇది బాగా పనికొచ్చింది. జాగీర్దారు తరపున ఊరిని నడిపేది అతనే. మా జాగీరులో ఇట్లాంటి మహిమ ఉందని బీదర్ దాకా చాటింపు వేశాడు. మరుసటి పండుగకు బీదర్ నుంచి పెద్ద హాకిం, జిల్లాను ఏలే అధికారి, వస్తున్నాడని, బీరప్ప మీదికి పీరు రావడం కళ్ళారా చూస్తాడని కబురు తెచ్చాడు. హాకింకు ఉక్క పోయకూడదు కదా! గడీలో పంకాలు తిరగాలని పాత ఇంజన్ తీసేసి దానికి రెండింతల ఇంజన్ తెప్పించారు.

దానితో పాటే కొత్త తీగ కూడా వచ్చింది, మంచి రబ్బరు తొడుగుది. యుద్ధం వల్ల ఎక్కడా దొరకని కాలంలో ఎట్లా సంపాదించారో వాళ్ళకే తెలియాలి. బీదర్ నుంచి ఫకీర్ మియా అనే మేస్త్రీ వచ్చాడు. చావడిలో గోడను ముట్టకుండా, పందిరి వేసినట్టు కట్టె గుంజలు నిలబెట్టి, వాటి మీదుగా కొత్త తీగ లాగాలని అతని ఆలోచన. మేకు లేదు, ఉలి లేదు. పాత తీగ తీసి పారేయడమే. సర్కారు వాళ్ళు కూడా సరేనన్నారు. గుంజలు కోసి చావడి పక్కన పేర్చారు.

ఆ గుంజలు అక్కడే చెదలు పట్టాయి. తీగ చావడి దాకా రాలేదు.

పండుగ దగ్గరపడింది. మేము సున్నం వేయడానికి పోయాం. నేల అంతా సున్నపు నీళ్ళు, నా కాళ్ళు తడి. గద్దె వెనక గోడకు కుంచె పెడుతూ ఎడమ చెయ్యి ఆ కడ్డీ మీద ఆన్చాను. భుజం ఊడిపోయినట్టయింది. కుంచె ఒక పక్క, నేను ఒక పక్క పడ్డాం.

"చంద్రమ్మ మీదికి గూడ వచ్చిందే!" అని ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఒకామె ఊదు తేవడానికి ఉరికింది.

నేను నేల మీద కూచుని ఊపిరి పీలుస్తున్నాను. పీర్లు ఇంకా పెట్టెలో ఉన్నాయి, బయటికే తీయలేదు. గడీ వైపు నుంచి కొత్త ఇంజన్ దడదడ వినబడుతోంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. నేను లేచి భయపడుతూనే వేలి వెనకతో కడ్డీని ముట్టాను. ఏమీ లేదు. మళ్ళీ ఇంజన్ మొదలైంది. మళ్ళీ ముట్టాను. చెయ్యి ఎగిరిపడింది. పీరు ఇంజన్ నడిస్తే వచ్చి, ఇంజన్ ఆగితే పోతుందా? నా మొగుడి అరచేతిలో బొబ్బ గుర్తొచ్చింది. కుంచె అక్కడే వదిలేసి గడీ వైపు ఉరికాను.

గడీ ముందు ఫకీర్ మియా సామాను సర్దుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"ఆ తీగ మీద గుడ్డ లేదు చెల్లె, అంత సున్నమే. కడ్డీకి కరెంటు దిగుతున్నది. పోయినేడు చిన్న ఇంజన్, ఇసిరి పడేసింది. గిప్పుడు దీని జోరు ఎక్కువ. తడి కాళ్ళతోని పట్టుకుంటె ఇగ ఇడువది, పానం తీసుకుంటది."

"మరి కొత్త తీగ ఏమాయె అన్నా?"

అతను చేత్తో పేష్కారు ఇంటి వైపు చూపించాడు. "గడీకి సగం, గా ఇంటికి సగం. నేను మొత్తుకున్న. నీ పని అయిపోయింది, పో అన్నడు."

నేరుగా పేష్కారు ఇంటికి నడిచాను. అతను గద్దె మీద కూచుని పాన్ నములుతున్నాడు. నెత్తి మీద పంకా తిరుగుతోంది. దూలం వెంబడి నల్లగా నిగనిగలాడుతూ మా చావడి తీగ. నేను నిలబడ్డ చోటికి కూడా ఆ గాలి తగిలింది.

"దొరా, చావడిల తీగ ఖరాబైంది. తీసెయ్యుండ్రి. లేకుంటె పదో దినం ఇంజన్ బంద్ పెట్టుండ్రి."

"అది సర్కార్ కాపాడే కట్టడం. దాంట్ల చెయ్యి పెడితె జైలు. బోర్డు సూడలే?"

"గోడను ముట్టమంటలేను. తీగను తీయమంటున్న."

"తీగ గోడకే ఉన్నది గద! హాకిం సాబ్ వస్తున్నడు. దీపాలు లేకుంట చీకట్ల ఏం చూస్తడు?"

"నా మొగడు సస్తడు దొరా."

అతను పాన్ ఉమ్మి నా వైపు చూశాడు. "పోయినేడు సచ్చిండా? పీరు వచ్చింది. పీరు మీదనే అనుమానపడుతున్నవా? గీ మాట ఊళ్ళె చెప్తె నిన్ను రాళ్ళతోని కొడతరు. నడువు."

తిరిగి వస్తూ ఆ బోర్డు ముందు నిలబడ్డాను. గోడకు దెబ్బ తగలకూడదు. మనిషి మాత్రం మాడిపోవచ్చు. రోకలి తెచ్చి ఆ తీగను తుక్కుతుక్కు చేద్దామని చేతులు దురద పెట్టాయి. చేస్తే ఏమవుతుంది? సర్కారు గోడ పగలగొట్టానని నన్ను పట్టుకుపోతారు, తీగను మళ్ళీ అతికిస్తారు. బీరప్ప ఎట్లాగూ ఎత్తుతాడు.

ఇంటికొచ్చి అతనికి చెప్పాను. కడ్డీ సంగతి, ఇంజన్ సంగతి, అన్నీ. అతను తింటున్న రొట్టె పక్కన పెట్టాడు.

"నా మీదికి వచ్చింది పీరు కాదంటవా?"

"కరెంటు. నా మీదికి గూడ వచ్చింది గద."

"నీకేం ఎరుక?" నా మీద ఎన్నడూ అరవని మనిషి అరిచాడు. "ఇన్నేండ్లు మోసిన. కట్టెల మోపు అన్నరు. ఒక్కసారి, ఒక్కసారి వచ్చిండు సాబ్. దాన్ని గూడ గుంజుకుంటున్నవా?"

"పానం పోతది, ఇనరాదూ."

"కాసిం సాబ్ చేతుల పోతె పోనీ."

నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. అతని మీద కాదు. ఇంత నమ్మిన మనిషికి పీరు పేరు చెప్పి ఇనుప కడ్డీని చూపించిన వాళ్ళ మీద. అతని భక్తిని తీసుకుపోయి హాకిం ముందు తమాషా పెడుతున్న ఆ పేష్కారు మీద.

మక్బూల్ మామ దగ్గరికి పోయాను. అతను పెట్టెలోంచి పీర్లను తీసి చింతపండుతో తోముతున్నాడు. నేను చెప్పింది విన్నాడు.

"నాకు గూడ జిల్లుమంటున్నది బిడ్డా, రెండేండ్ల సంది," అన్నాడు. "చెప్తె ఎవడు నమ్ముతడు? పేష్కార్ నా ముజావరీ తీసేస్తడు."

"మరి బీరప్ప పోవాల్నా మామా?"

అతని చేతులు ఆగాయి. పీరును గుడ్డతో తుడిచి గుండెకు ఆనించుకున్నాడు. "సాబ్ పేరు మీద గీ మోసం నేను చూడలేను. ఏం చేద్దామనుకుంటున్నవో చెప్పు."

నా ఆలోచన చెప్పాను.

పదో దినం చావడి కిక్కిరిసిపోయింది. బయట డప్పులు, లోపల ఊదు పొగ. పగలే దీపాలు వెలిగించారు. ఇంజన్ దడదడ చావడి దాకా వినబడుతోంది. గద్దె పక్కన కుర్చీలో హాకిం, ఆ పక్కన జాగీర్దారు, వాళ్ళ వెనక చేతులు కట్టుకుని పేష్కారు. చావడిలోకి రావాలంటే ఎవరైనా చెప్పులు విడవాల్సిందే కాబట్టి ముగ్గురూ వట్టి కాళ్ళతోనే ఉన్నారు. బీరప్ప తడి ధోతీతో వచ్చి గద్దె ముందు నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ముఖంలో ఆ పోయినేటి వెలుగే ఉంది. చూడలేక నేను పళ్ళు కొరుక్కున్నాను.

నేను నీళ్ళ బిందెతో ముందుకు వచ్చాను. నా మొగుడి కాళ్ళ మీద పోస్తానని అందరూ జరిగి దారి ఇచ్చారు. నేను అతన్ని దాటిపోయి, పేష్కారు ముందు వంగి, బిందెడు నీళ్ళు అతని కాళ్ళ మీద గుమ్మరించాను. ధోతీ మోకాళ్ళ దాకా తడిసింది.

"ఏందే ఇది?" అన్నాడు.

"దొరా, గీ మహిమను బీదర్ దాక చాటింది నువ్వే. ఈ ఏడు మొదటి దట్టీ నువ్వే కట్టాలె."

పీరుకు మొక్కుగా కట్టే పట్టుగుడ్డ అది. ఎత్తక ముందు మొదటి దట్టీ కట్టడమంటే మా ఊళ్ళో అంతకు మించిన మర్యాద లేదు. కాదన్నవాడు లేడు. మక్బూల్ మామ అప్పటికే పచ్చ దట్టీని పళ్ళెంలో పట్టుకుని నిలబడ్డాడు.

"రాండ్రి పేష్కార్ సాబ్," అన్నాడు. "కాసిం సాబ్‌ను ఒక చేత్తోని గట్టిగ పట్టుకొని, ఇంకొక చేత్తోని కట్టుండ్రి."

జనం సంబరంగా అరిచారు. జాగీర్దారు తల ఊపాడు. హాకిం నవ్వుతూ చేత్తో దారి చూపించాడు. పేష్కారు రెండడుగులు వేశాడు. కింద మడుగు కట్టిన నీళ్ళ వైపు చూశాడు, కడ్డీ వైపు చూశాడు.

"హాకిం సాబ్ కడితె మంచిగుంటది," అన్నాడు.

"నువ్వే కట్టు," అన్నాడు జాగీర్దారు, విసుగ్గా.

పేష్కారు గద్దె మెట్టు మీద కాలు పెట్టాడు. దట్టీ అందుకున్నాడు. పీరుకు జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. వెనక ఎవరో ఉత్సాహం ఆపుకోలేక అతన్ని ముందుకు నెట్టారు. అతను గద్దె పక్క స్తంభం పట్టుకుని వెనక్కి విరుచుకుని గొంతు చించుకున్నాడు.

"ఇంజన్ బంద్ చెయ్! ముందు ఇంజన్ బంద్ చెయ్‌రా!"

హాకిం కుర్చీలో ముందుకు వంగాడు.

"పీరుకు దట్టీ కట్టేటందుకు ఇంజన్ ఎందుకు బంద్ చెయ్యాలె?" అని హాకిం అడిగాడు.

బయట ఆ కేక ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి గడీ దాకా పోయింది. ఇంజన్ ఆగింది. దీపాలు ఆరిపోయాయి. కమాను లోంచి వచ్చే పగటి వెలుతురులో బీరప్ప పేష్కారు వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. కాదని చెప్పమని అడుగుతున్నట్టు. పేష్కారు తల దించుకుని ధోతీ పిండుకుంటున్నాడు.

బీరప్ప నెమ్మదిగా గద్దె ఎక్కాడు. కాసిం పీరు మీద చేయి వేశాడు. చావడిలో అందరూ చేతులు జోడించారు. నేను కూడా, నిజం చెబుతున్నాను, రావాలని మొక్కాను. ఒక్కసారి నిజంగా రా సాబ్, ఈయన మీదికి రా, అని.

ఏమీ రాలేదు. అతను పీరును రెండు చేతులా ఎత్తి, ఎప్పటిలాగే మెల్లగా, జాగ్రత్తగా, చంటిపిల్లను మోసినట్టు బయటికి మోసుకుపోయాడు. ఎవ్వరూ కట్టెల మోపు అనలేదు. నేను ఇంకో బిందె నింపుకుని వాగు దాకా అతని కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ వెంట నడిచాను.

వాగు దగ్గర పీరును నీళ్ళలో కడిగి గుడ్డలో చుట్టాక అన్నాడు. "రాలే గద."

"రాలే."

"పోయినేడు గూడ రాలే."

ఏమని చెప్పను? అతని ప్రాణం నిలబెట్టాను. దాని కోసం అతని బతుకులో ఉన్న ఒకే ఒక్క మంచి దినాన్ని పదిమందిలో చంపాల్సి వచ్చింది. నా చేత ఆ పని చేయించిన పేష్కారును మాత్రం ఏ దేవుడూ ఏ సర్కారూ ఏమీ అనలేదు. ఇంకో ఊరికి మార్చారు, అంతే. అక్కడికి పంకా కూడా పట్టుకుపోయాడట.

హాకిం హుకుంతో పేష్కారు ఇంటి తీగ ఊడదీసి చావడికి తెచ్చారు. ఫకీర్ మియా మళ్ళీ వచ్చి, కొత్త గుంజలు నిలబెట్టి, తను అనుకున్నట్టే లాగాడు. గోడకు గీత కూడా పడలేదు. కడ్డీని మాత్రం పీకితే గచ్చు పగులుతుందని, తీగ కోసేసి దాన్ని గోడలోనే వదిలేశారు.

ఆ తర్వాత కూడా బీరప్ప ఏటా పీరును ఎత్తాడు. బావి దగ్గర స్నానం చేసి తడి ధోతీతో వచ్చేవాడు, నేను కాళ్ళ మీద నీళ్ళు పోసేదాన్ని. గద్దె ఎక్కాక, ఎవరూ చూడట్లేదనుకుని, ముందు ఆ కడ్డీని తడి చేత్తో ముట్టేవాడు. కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడేవాడు. తర్వాత వదిలేసి పీరును ఎత్తుకునేవాడు.